ఉద్యోగం మారితే ఇంటి బడ్జెట్ ఏమవుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాదులో జీతాల విభాగంలో చాలా ఏళ్లు పనిచేసినందువల్ల, బంధువుల పిల్లలు ఉద్యోగం మారిన ప్రతిసారీ ఆఫర్ లెటరో పే స్లిప్పో నా దగ్గరికి వస్తూ ఉంటుంది. కంపెనీలు మారుతున్నాయి, జీతాలు పెరుగుతున్నాయి, సందేహాలు మాత్రం అవే. మళ్లీ మళ్లీ విన్న ప్రశ్నలను అడిగినవారి మాటల్లోనే ఇక్కడ రాశాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. పన్ను లెక్కలన్నీ 2025-26 ఆర్థిక సంవత్సరపు కొత్త పన్ను విధానం ప్రకారం వేసినవి.

## ఆఫర్ లెటర్ చేతికి వచ్చినప్పుడు

సీటీసీ 12 లక్షలు అన్నారు. నెలకు లక్ష వస్తుందనుకోవచ్చా?

అనుకోకూడదు. తెనాలి నుంచి వచ్చిన ఒక తండ్రి కొడుకు ఆఫర్ లెటర్ వెనుక పెన్సిల్‌తో 12,00,000ను 12తో భాగించి లక్ష అని రాసి, దాని కింద ఇంటి లోను వాయిదా 38,000 తీసేసి, మిగిలిన 62,000 చుట్టూ సున్నా చుట్టి నాకు చూపించారు. ఆ లెక్క మీదే ఆయన ఫ్లాట్‌కు అడ్వాన్సు ఇవ్వబోతున్నారు.

సీటీసీ అంటే మీ కోసం కంపెనీ ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు, మీ ఖాతాలో పడే డబ్బు కాదు. 12 లక్షల్లో బేసిక్ (మూల వేతనం) సగం, అంటే నెలకు 50,000 అనుకుందాం. కంపెనీ వాటా పీఎఫ్ (భవిష్య నిధి) బేసిక్ మీద 12 శాతం చొప్పున ఏడాదికి 72,000, గ్రాట్యుటీ (సర్వీసును బట్టి మానేసేటప్పుడు ఇచ్చే మొత్తం) కింద చూపే 4.81 శాతం 28,860, ఫలితాలను బట్టి ఇచ్చే వేరియబుల్ పే 1,20,000, గ్రూపు ఆరోగ్య బీమా ప్రీమియం ఒక 15,000 అనుకుంటే, ఇవన్నీ సీటీసీలో ఉంటాయి కానీ నెలజీతంలో ఉండవు. అవి పోగా మిగిలేది 9,64,140, అంటే నెలకు 80,345. అందులోంచి మీ వాటా పీఎఫ్ 6,000, ప్రొఫెషనల్ టాక్స్ 200 పోతే చేతికి వచ్చేది 74,145. ఈ ఆదాయం మీద కొత్త విధానంలో ఆదాయపు పన్ను పడదు కాబట్టి సరిపోయింది, అంతకంటే పెద్ద జీతమైతే పన్ను కూడా పోతుంది.

సంతకం చేసే ముందు హెచ్‌ఆర్ వారిని నెలవారీ విభజన, చేతికొచ్చే అంచనా మొత్తం మెయిల్‌లో పంపమని అడగండి. అలా అడగడం మర్యాదకు లోటు కాదు, రోజూ ఎందరో అడుగుతూనే ఉంటారు.

వేరియబుల్ పే కచ్చితంగా వస్తుందన్నారు. బడ్జెట్‌లో కలుపుకోవచ్చా?

కలుపుకోవద్దు. అది కంపెనీ ఫలితాలు, మీ రేటింగు, చెల్లించే తేదీ నాటికి మీరు ఉద్యోగంలో ఉండటం అనే మూడు షరతుల మీద ఆధారపడి ఉంటుంది. మార్చిలో రాజీనామా ఇచ్చి, జూన్‌లో రావలసిన వేరియబుల్ పోగొట్టుకున్నవారిని చాలామందిని చూశాను. ఇంటి అద్దె, ఫీజులు, వాయిదాలు స్థిరమైన జీతంలోనే సరిపోవాలి.

జాయినింగ్ బోనస్ రెండు లక్షలు ఇస్తున్నారు. దాన్ని కారు డౌన్ పేమెంట్‌కు వాడుకోవచ్చా?

ఆ బోనస్‌కు ఎన్నాళ్ల షరతు ఉందో మొదట చూడండి. సాధారణంగా ఏడాది లేదా రెండేళ్లలోపు మానేస్తే తిరిగి కట్టాలని రాసి ఉంటుంది. పన్ను కోసిన తరువాత మీ చేతికి లక్షా నలభై వేలే వచ్చినా, చాలా ఒప్పందాల్లో తిరిగి అడిగేది పన్నుకు ముందున్న రెండు లక్షలే. గడువు తీరేదాకా ఆ డబ్బు పూర్తిగా మీది కాదు. గడువు తీరేవరకు దాన్ని బ్యాంకులో ఫిక్సెడ్ డిపాజిట్ చేసి ఉంచమని నా సలహా.

ఇప్పుడు గుంటూరులో సొంతింట్లో ఉండి ఇంటి నుంచే పని చేస్తున్నాను. 30 శాతం హైక్‌తో హైదరాబాదు ఆఫీసుకు రమ్మంటున్నారు. లాభమేనా?

కోవిడ్ రోజుల్లో సొంత ఊళ్లకు చేరుకున్నవారిని కంపెనీలు వారానికి మూడు రోజులో, ఐదు రోజులో ఆఫీసుకు రమ్మంటున్నందువల్ల ఈ ప్రశ్న ఈమధ్య బాగా పెరిగింది. హైక్ శాతాన్ని కాకుండా మిగులును పోల్చి చూడాలి. ఇప్పుడు చేతికి 60,000 వస్తోందనుకుంటే, 30 శాతం పెంపు అంటే మరో 18,000. హైదరాబాదులో రెండు పడక గదుల ఇంటి అద్దె 22,000, మెయింటెనెన్సు 2,500, రాకపోకలకు 3,000 అనుకుంటే కొత్త ఖర్చే 27,500 అవుతుంది. జీతం పెరిగింది, ఇంటి మిగులు మాత్రం నెలకు 9,500 తగ్గింది. ఇంటి అడ్వాన్సు, సామాను తరలింపు, పిల్లల కొత్త బడి అడ్మిషన్ ఫీజు దీనికి అదనం.

మీరొక్కరే హాస్టల్‌లో ఉండి కుటుంబాన్ని ఊళ్లోనే ఉంచితే లెక్క మారుతుంది. కానీ అప్పుడు రెండు వంటిళ్లు, వారం వారం బస్సు టికెట్లు, ఇంట్లో మీరు లేని లోటు ఉంటాయి. ఆ ఖర్చును కాగితం మీద వేయలేం గనుక అది లేనట్లు నటించకండి, భార్యాభర్తలిద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. ముందు ముందు పెరిగే అవకాశాల కోసం తెలిసి నష్టానికి ఒప్పుకోవడంలో తప్పులేదు. తెలియకుండా ఒప్పుకుంటేనే ఇబ్బంది.

## చేరిన తొలి నెలల్లో

పే స్లిప్‌లో పీఎఫ్ 6,000 కోస్తున్నారు. 1,800కు తగ్గించుకుంటే మంచిదా?

చట్టప్రకారం పీఎఫ్ లెక్కకు తప్పనిసరి వేతన పరిమితి 15,000. దాని మీద 12 శాతం 1,800. కొన్ని కంపెనీలు చేరేటప్పుడే 1,800 గానీ అసలు బేసిక్ మీద 12 శాతం గానీ ఎంచుకోనిస్తాయి. ఎక్కువ మొత్తం కడుతూ మధ్యలో తగ్గించుకోవడం మాత్రం అంత తేలిక కాదు.

నా అభిప్రాయం అడిగితే, మీకు విడిగా పొదుపు చేసే అలవాటు లేకపోతే తగ్గించుకోవద్దు. 2024-25కు పీఎఫ్ మీద ప్రకటించిన వడ్డీ 8.25 శాతం. ఎక్కువ వడ్డీకి తెచ్చిన అప్పు నెత్తి మీద ఉన్నవారికి మాత్రం ఆ 4,200 చేతికి రావడమే మేలు, అది కూడా నిజంగా అప్పు తీర్చడానికే వాడితే.

ప్రొఫెషనల్ టాక్స్ 200 ఎందుకు?

అది రాష్ట్ర ప్రభుత్వానికి వెళ్లే పన్ను. తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ నెలజీతం 15,000 వరకు లేదు, 20,000 వరకు 150, ఆపైన ఎంత జీతమైనా 200.

పాత కంపెనీలో వచ్చిన జీతం వివరాలు కొత్త కంపెనీకి చెప్పడం ఇష్టం లేదు. చెప్పకపోతే ఏమవుతుంది?

ఇంటి బడ్జెట్‌ను ఒక్క దెబ్బతో కుదిపేసే పొరపాటు ఇది, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు మీ జీతం నెలకు లక్ష అనుకుందాం. పాత కంపెనీ ఏడాదికి 12 లక్షలని అంచనా వేసి, జీతం మీద ఇచ్చే స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేసి, 12 లక్షల లోపే కాబట్టి రిబేటు (పన్ను మాఫీ) వర్తింపజేసి, ఒక్క రూపాయి కూడా పన్ను కోయలేదు. అక్టోబరులో 1,40,000 జీతంతో కొత్త కంపెనీలో చేరారు. పాత ఆదాయం గురించి మీరు చెప్పకపోతే, వారికి కనిపించేది ఆరు నెలల జీతం 8,40,000 మాత్రమే. వారూ పన్ను కోయరు. ప్రతి నెలా నిండు జీతం పడుతూ ఉంటే అంతా బాగానే ఉందనిపిస్తుంది.

రిటర్ను వేసేటప్పుడు రెండూ కలుస్తాయి. మొత్తం 14,40,000లో 75,000 పోగా పన్ను లెక్కకు వచ్చే ఆదాయం 13,65,000. మొదటి నాలుగు లక్షలకు పన్ను లేదు, నాలుగు నుంచి ఎనిమిది వరకు 5 శాతం చొప్పున 20,000, ఎనిమిది నుంచి పన్నెండు వరకు 10 శాతం చొప్పున 40,000, పైనున్న 1,65,000 మీద 15 శాతం చొప్పున 24,750. మొత్తం 84,750కు 4 శాతం సెస్సు 3,390 కలిపితే 88,140. దీని మీద ముందస్తు పన్ను కట్టనందుకు వడ్డీ కూడా పడుతుంది. బడి ఫీజులు కట్టి చేతులు ఖాళీ అయ్యే జులై నెలలో ఈ డబ్బంతా ఒకేసారి కట్టాలి.

ఇన్నాళ్లూ ఫారం 12బి పేరుతో ఉన్న పత్రంలో పాత ఆదాయం, కోసిన పన్ను, పీఎఫ్ వివరాలు రాసి కొత్త కంపెనీ జీతాల విభాగానికి ఇస్తే, ఆ పన్నును మిగిలిన నెలలకు సర్ది కోస్తారు. పాత జీతం బయటపెట్టడం నిజంగా ఇష్టం లేకపోతే, మొత్తం ఆదాయం మీద పన్ను మీరే లెక్కవేసుకుని డిసెంబరు 15, మార్చి 15 గడువుల్లోగా ముందస్తు పన్నుగా కట్టవచ్చు. చెప్పకుండా, కట్టకుండా ఊరుకోవడం మాత్రం కుదరదు.

కొత్త లేబర్ కోడ్‌ల వల్ల చేతికొచ్చే జీతం తగ్గిపోతుందా?

అందరికీ తగ్గదు. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన నాలుగు లేబర్ కోడ్‌ల (కార్మిక చట్టాల) ప్రకారం, మినహాయించదగిన అలవెన్సులు మొత్తం పారితోషికంలో సగాన్ని దాటితే, దాటిన భాగాన్ని తిరిగి వేతనంలో కలిపి లెక్కించాలి. మీ పీఎఫ్‌ను 15,000 పరిమితి మీద 1,800గానే కోస్తుంటే కోత మారనక్కరలేదు. అసలు బేసిక్ మీద పీఎఫ్ కోస్తూ, ఆ బేసిక్ జీతంలో 30, 35 శాతమే ఉన్నచోట మాత్రం కోత పెరిగి చేతికొచ్చేది తగ్గవచ్చు. అలా తగ్గిన డబ్బు కంపెనీ వాటాతో కలిసి మీ పీఎఫ్ ఖాతాలోనే చేరుతుంది. గ్రాట్యుటీ లెక్క కూడా పెరుగుతుంది.

## పాత పీఎఫ్ సంగతి

పాత కంపెనీ పీఎఫ్ మూడు లక్షలు ఉంది. తీసేసుకోవాలా, ట్రాన్స్‌ఫర్ చేసుకోవాలా?

ట్రాన్స్‌ఫర్ చేసుకోండి. కలిపి లెక్కిస్తే ఐదేళ్ల సర్వీసు నిండకుండా తీసుకున్న పీఎఫ్ మీద పన్ను పడుతుంది. మొత్తం 50,000కు తగ్గకపోతే, పాన్ ఉన్నవారికి కూడా 10 శాతం అక్కడికక్కడే కోస్తారు. ట్రాన్స్‌ఫర్ చేస్తే పాత సర్వీసు కొత్తదానితో కలుస్తుంది. పెన్షన్ అర్హతకు కావలసిన పదేళ్ల లెక్కకూ అది పనికొస్తుంది.

ఇక వడ్డీ సంగతి. మూడు లక్షలు 8.25 శాతం చొప్పున పాతికేళ్లు కదలకుండా ఉంటే 21 లక్షలు దాటుతుంది. వడ్డీరేటు ఏటా మారవచ్చు, అయినా ఇప్పుడు ఆ మూడు లక్షలతో కొనబోయే వస్తువు ఖరీదు ఎంతో దీన్నిబట్టి తెలుస్తుంది. 2025 జనవరి నుంచి, ఆధార్‌తో ముడిపడిన యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడికి ఇచ్చే నంబరు) ఒకటే ఉన్న చాలా సందర్భాల్లో యజమాని ఆమోదం లేకుండానే ఆన్‌లైన్‌లో ట్రాన్స్‌ఫర్ జరుగుతోంది. పాత కంపెనీ మీరు మానేసిన తేదీ నమోదు చేయకపోతే, చివరి జమ నుంచి రెండు నెలలు గడిచాక పోర్టల్‌లో మీరే నమోదు చేసుకోవచ్చు.

ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, పీఎఫ్‌లో పొడి అక్షరమే ఉంది. క్లెయిమ్ తిరస్కరించారు. ఏం చేయాలి?

మన పేర్లతో ఈ తంటా ఎక్కువ. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక, పదో తరగతి సర్టిఫికెట్‌లో పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తి పేరు, పెళ్లయ్యాక ఆడపిల్లలకు ఇంకో ఇంటిపేరు. కంప్యూటరు దృష్టిలో వీరంతా వేర్వేరు మనుషులు.

ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా, పీఎఫ్ నాలుగింటిలోనూ పేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం ఒకేలా ఉండేలా చూసుకోండి. మొదట ఆధార్ సరిచేసుకుని, మిగిలినవాటిని దాన్నిబట్టి మార్చుకోవడం సులువు. 2017 అక్టోబర్ 1 తరువాత ఆధార్ ఆధారంగా వచ్చిన యూఏఎన్ అయితే పేరు, పుట్టిన తేదీ వంటివి సభ్యులే ఆన్‌లైన్‌లో సరిదిద్దుకోవచ్చు. అంతకుముందుదైతే యజమానితో కలిసి జాయింట్ డిక్లరేషన్ ఇవ్వాలి. ఉద్యోగంలో ఉండగానే ఈ పని ముగించండి, కంపెనీ మూతపడ్డాక సంతకం కోసం తిరగడం ఎంత కష్టమో పడినవారికే తెలుసు.

ట్రాన్స్‌ఫర్ అయ్యాక పాస్‌బుక్‌లో పెన్షన్ భాగం సున్నా చూపిస్తోంది. డబ్బు పోయిందా?

పోలేదు. పీఎఫ్ భాగం డబ్బుగా బదిలీ అవుతుంది, పెన్షన్ భాగంలో బదిలీ అయ్యేది మీ సర్వీసు కాలం మాత్రమే. పెన్షన్‌ను జమ అయిన మొత్తం మీద కాకుండా సర్వీసు సంవత్సరాలు, పెన్షన్ వేతనం మీద లెక్కిస్తారు కాబట్టి అక్కడ అంకె కనిపించకపోయినా నష్టం లేదు. సర్వీసు చరిత్రలో పాత కంపెనీ చేరిన తేదీ, మానేసిన తేదీ సరిగా ఉన్నాయో లేదో మాత్రం చూసుకోండి.

నామినేషన్ అంత ముఖ్యమా?

చాలా ముఖ్యం. పీఎఫ్‌తో పాటు ఉండే ఈడీఎల్‌ఐ బీమా కింద, ఉద్యోగంలో ఉండగా సభ్యుడు మరణిస్తే కుటుంబానికి గరిష్ఠంగా 7 లక్షలు వస్తాయి. దీనికి ఉద్యోగి నుంచి ఏమీ కోయరు గనుక చాలా ఇళ్లలో ఇది ఉన్న సంగతే తెలియదు. పెళ్లయినా, పిల్లలు పుట్టినా నామినేషన్ మార్చండి, యూఏఎన్ నంబరు ఇంట్లో రాసిపెట్టండి.

## రాజీనామా ఇచ్చాక

ఫుల్ అండ్ ఫైనల్ డబ్బు (మానేశాక కంపెనీ తేల్చే చివరి లెక్క) ఎప్పుడొస్తుంది?

కొత్త లేబర్ కోడ్‌లలో ఒకటైన వేతనాల కోడ్ ప్రకారం, ఉద్యోగి రాజీనామా ఇచ్చినా, తీసేసినా, రావలసిన వేతనాన్ని రెండు పనిదినాల్లో చెల్లించాలి. ఆచరణలో 30 నుంచి 45 రోజులు తీసుకోవడం ఇప్పటివరకూ ఉన్న అలవాటు. పైగా చాలాచోట్ల నోటీసు పీరియడ్ చివరి నెల జీతాన్ని ఆపి ఫుల్ అండ్ ఫైనల్‌లో కలుపుతారు. కొత్తచోట మొదటి జీతం పడేదాకా కనీసం రెండు నెలల ఇంటి ఖర్చు చేతిలో ఉంచుకునే రాజీనామా మెయిల్ పంపండి.

గ్రాట్యుటీ ఎంత వస్తుంది?

చివరి నెల బేసిక్, డీఏ (కరువు భత్యం), కొత్త కోడ్ ప్రకారం వేతనంలో కలిసే అలవెన్సులు ఉంటే అవీ కలిపి వచ్చిన మొత్తాన్ని 15తో గుణించి, 26తో భాగించి, సర్వీసు సంవత్సరాలతో గుణించాలి. 50,000 బేసిక్, ఆరేళ్ల సర్వీసు ఉంటే సుమారు 1,73,077. శాశ్వత ఉద్యోగులకు ఐదేళ్లు నిండాలి. నిర్ణీత కాలపు ఒప్పందం మీద పనిచేసేవారికి కొత్త కోడ్ ప్రకారం ఏడాది చాలు. ఐదేళ్లకు రెండు మూడు నెలల దూరంలో ఉన్నవారు కొత్త కంపెనీని చేరే తేదీ కొంచెం జరపమని అడగడం మంచిది.

అమ్మానాన్నలకు కంపెనీ ఇన్సూరెన్సే ఉంది. మానేస్తే ఎలా?

సాధారణంగా చివరి పనిదినంతోనే ఆ బీమా ఆగిపోతుంది. కొత్త కంపెనీ తల్లిదండ్రులకు బీమా ఇస్తుందో లేదో చేరకముందే అడగండి, కొన్ని కంపెనీలు భార్యాపిల్లల వరకే ఇస్తాయి. గ్రూపు పాలసీ నుంచి అదే బీమా సంస్థ సొంత పాలసీకి మారే వీలు ఉంటుంది. ఆ దరఖాస్తు నోటీసు పీరియడ్‌లో ఉండగానే పెట్టుకోవాలి. కొత్తగా తీసుకుంటే, అప్పటికే ఉన్న షుగరు, బీపీ వంటి జబ్బులకు గరిష్ఠంగా మూడేళ్ల నిరీక్షణ కాలం ఉండవచ్చు. అందుకే కంపెనీ బీమా ఉన్నా తల్లిదండ్రులకు చిన్నదైనా సొంత పాలసీ ముందే తీసుకోమని పోరుపెడుతూ ఉంటాను. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియం మీద జీఎస్టీ లేదు.

## ఉద్యోగం పోయినప్పుడు

నిన్ననే తీసేశారు. మొదటి వారంలో ఏం చేయాలి?

ముందు ఇంట్లో చెప్పండి. రోజూ బ్యాగు తగిలించుకుని బయటికి వెళ్లి పార్కులో కూర్చుని సాయంత్రం ఇంటికి వచ్చిన ఒక అబ్బాయి నాకు తెలుసు. రెండు నెలలు అలా గడిపేసరికి క్రెడిట్ కార్డు మీద లక్షన్నర పేరుకుంది. ఆ సంగతి మొదటి రోజే చెప్పి ఉంటే వాళ్లావిడ ఖర్చు తగ్గించి ఉండేది.

ఆ తరువాత చేతిలో ఉన్న డబ్బును, తప్పని ఖర్చులతో భాగించి ఎన్ని నెలలు నెట్టుకురాగలరో చూడండి. ఆటో డెబిట్లన్నీ ఒక కాగితం మీద రాసి అక్కరలేనివి ఆపండి. ఇంటి లోను వాయిదా కట్టలేమనిపిస్తే, తప్పకముందే బ్యాంకుకు వెళ్లి గడువు పెంచమనో వాయిదా తగ్గించమనో రాతపూర్వకంగా అడగండి. క్రెడిట్ కార్డులో కనీస మొత్తం మాత్రమే కట్టుకుంటూ పోతే మిగిలినదాని మీద ఏడాదికి 36 నుంచి 42 శాతం దాకా వడ్డీ పడుతుంది. అంతకంటే బ్యాంకులో బంగారం కుదువ పెట్టి దాన్ని తీర్చేయడం చాలా నయం.

నెలకు 20,000 చొప్పున ఐదు లక్షల చీటీ కడుతున్నాను. ఇప్పుడు పాడుకోవాలా?

పాడుకున్నా మిగిలిన నెలల వాయిదాలు తప్పవని గుర్తుంచుకుని నిర్ణయించండి. పాడుకున్న చీటీ అప్పుతో సమానం, అందులోనూ జామీను పెట్టినవారి పరువు ముడిపడిన అప్పు. చీటీ చివరి నెలల్లో ఉంటే తోసివేత (పాటలో వదులుకునే మొత్తం) తక్కువగా ఉంటుంది కాబట్టి పాడుకోవచ్చు. మొదట్లోనే ఉంటే పెద్ద మొత్తం వదులుకోవలసి వస్తుంది. అప్పుడు నిర్వాహకులతో మాట్లాడి మీ స్థానంలో ఇంకొకరిని చేర్చే వీలుందేమో చూడండి. రిజిస్టరైన చీటీలో దీనికి పద్ధతి ఉంటుంది, నోటిమాట మీద నడిచే చీటీలో అది పూర్తిగా నిర్వాహకుడి దయ.

ఉద్యోగం పోయాక పీఎఫ్ మొత్తం వెంటనే తీసుకోవచ్చా?

2025 అక్టోబర్ 13న పీఎఫ్ ట్రస్టీల బోర్డు తీసుకున్న నిర్ణయం ప్రకారం, ఉద్యోగం పోయిన వెంటనే 75 శాతం వరకు, మిగిలిన 25 శాతం పన్నెండు నెలలు ఉద్యోగం లేకుండా ఉన్నాక తీసుకోవచ్చు. పెన్షన్ భాగానికి ఆ గడువు 36 నెలలు. అవసరమైనంతే తీయండి. పని లేకపోయినా ఆ ఖాతాలో వడ్డీ 58 ఏళ్ల వయసు వరకు జమ అవుతూనే ఉంటుంది, కొత్త ఉద్యోగం దొరికాక అదే యూఏఎన్‌కు కొత్త జమలు చేరతాయి. క్లెయిమ్ పెట్టే ముందు బ్యాంకు ఖాతా పోర్టల్‌లో ధ్రువీకరించి ఉందో లేదో, ఆధార్‌కు ముడిపెట్టిన ఫోన్ నంబరు ఇప్పటికీ మీ దగ్గరే ఉందో లేదో చూసుకోండి. కంపెనీ ఇచ్చిన సిమ్‌కు ఓటీపీ వెళ్లేలా ఉండి, అది తిరిగి ఇచ్చేసినందువల్ల నెలలు గడిచినవారు ఉన్నారు.